మా బావ, ఆయన సర్వరు, నలభై ఒక్క లిఫ్టులు

మా బావ లిఫ్టు మెకానిక్కు. ఇరవై ఆరేళ్ళుగా నలభై ఒక్క లిఫ్టులు ఆయన చేతి చలవతోనే నడుస్తున్నాయి. ఇంటికొచ్చి గ్రీజు కడుక్కున్నాక ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం వంటింటి పక్క గదిలో పెట్టుకున్న సర్వరు. చూడ్డానికి ఒకటే డబ్బా. లోపల మాత్రం ఐదు కంప్యూటర్లు వేరు కాపురాలు పెట్టుకున్నట్టు వేటికవి నడుస్తుంటాయి. ఒకదాంట్లో ఫొటోలు, ఒకదాంట్లో మా అక్క వినే పాటలు, ఇంకోదాంట్లో లిఫ్టుల చిట్టా. ఏ లిఫ్టుకి ఏ రోజు ఏం చేశాడో, ఇంకేం మిగిలిందో అన్నీ ఆ చిట్టాలో రాస్తాడు. నాకు కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది కాబట్టి ఆ డబ్బాని అమర్చిపెట్టింది నేనే. పాస్‌వర్డు ఎక్కడైనా రాసి పెట్టుకోమంటే, "నా బుర్ర ఇంకా అద్దెకివ్వలేదోయ్" అన్నాడు. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్ళుమంట, కాస్త ముచ్చట కూడా.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఫోను చేశాడు.

"సర్వరు నన్ను లోపలికి రానివ్వడం లేదు. కొట్టు మూసేసి రా."

"రేపు చూద్దాంలే బావా. ఒక పూట పాటలు వినకపోతే అక్కకేం కాదు."

"పాటల గొడవ కాదు. పొద్దున ఒక లిఫ్టుకి జంపరు వైరు వేసి పని చేశాను. తీశానో లేదో..."

"ఏ లిఫ్టు?"

"అదే చిట్టాలో చూడాలి."

తలుపు పూర్తిగా పడితే తప్ప లిఫ్టు కదలకూడదు. మరమ్మతు చేసేటప్పుడు మాత్రం ఓ వైరు ముక్కతో ఆ కట్టడిని తప్పిస్తారు. పనయ్యాక ఆ ముక్క తీసెయ్యాలి. తీయకపోతే తలుపు తెరిచుండగానే లిఫ్టు కదిలిపోతుంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉన్న మనిషి గతి ఇంక చెప్పక్కర్లేదు.

"ఆఫీసుకి చెప్పి అన్నీ ఆపించు బావా" అన్నాను.

"చెబితే నా ఉద్యోగం ఊడుతుంది. పది నిమిషాల పని. బడి పిల్లలు నాలుగింటికి గానీ ఇళ్ళకి రారు. ఈలోపు ఏ లిఫ్టో చూసి నేనే వెళ్ళి తీసేస్తాను."

తిట్టుకుంటూనే వెళ్ళాను. ఆ పది నిమిషాలకి నేనూ ఒప్పుకున్నాను. అది నా తప్పు.

అక్క ఆ గది గుమ్మంలో నిలబడి ఉంది. డబ్బాకి మానిటరు, కీబోర్డు తగిలించి, ఆపి మళ్ళీ లేపాను. అది కళ్ళు నులుముకునే లోపు, మొదటి తెరలో ఒక పొడుగాటి వాక్యం చివర చిన్న ముక్క చేరిస్తే పాస్‌వర్డు అడగకుండానే లోపలికి వదిలేస్తుంది. వదిలింది. కొత్త పాస్‌వర్డు కొట్టాను. కుదరదంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే మాట. కంగారులో నాకు తల పనిచెయ్యలేదు.

"ముందు డిస్కు మీద రాయనివ్వమని చెప్పాలోయ్" అన్నాడు బావ వెనకనించి. "ఇప్పుడది చదవడానికే తెరుచుకుంది."

నా భుజం మీదుగా వంగి, మీటల వంక చూడకుండా ఆ లైను కొట్టేశాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

"ఇది నీకెవరు నేర్పారు?"

"నువ్వే కదా."

నేను నేర్పలేదు.

ఈసారి పాస్‌వర్డు మారింది. సర్వరు తెరుచుకుంది. అనుమానం పీకుతుంటే, పాస్‌వర్డు ఎప్పుడెప్పుడు మారిందో సర్వరు రాసుకునే పట్టీ తీశాను. ఇవాళ్టిది కాక, మూడు నెలల్లో నాలుగుసార్లు మారింది. నాలుగుసార్లూ ఇదే దారిన, ఈ గదిలోంచే.

బావ మొహం పాలిపోయింది. "ఎవడో ఇంట్లో దూరుతున్నాడు" అన్నాడు మెల్లగా.

"ఎవరూ దూరలేదండీ" అంది అక్క. "మీరే. ప్రతిసారీ ఇలాగే కూర్చుని తెరిచారు. పొద్దున లేచేసరికి ఆ సంగతే మీకు తెలీదు."

నాకు కోపం ఆగలేదు. "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే నిజమైపోతుందేమోనని భయం రా."

చిట్టా తెరిచాను. ఇవాళ్టి పేజీ ఖాళీ. నిన్నటిదీ ఖాళీ. ఆఖరిసారి రాసి పంతొమ్మిది రోజులైంది. ఈ పంతొమ్మిది రోజులూ ఆయన రోజూ సంచీ తగిలించుకుని పనికి వెళ్తూనే ఉన్నాడు.

గడియారంలో మూడూ నలభై. నేను ఫోను అందుకోబోతే బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తనే సూపర్‌వైజరుకి చేసి, స్పీకరులో పెట్టాడు.

"సార్, నా నలభై ఒక్క లిఫ్టులూ ఇప్పుడే ఆపించండి. ఒకదాంట్లో జంపరు ఉండిపోయింది. ఏదో నాకు తెలీదు."

అవతల కుర్చీ జరిగిన మోత, ఎవరెవరినో కేకలేసి పిలవడం, ఒక్కో వాచ్‌మన్‌కి ఫోన్లు చేయడం వినిపించాయి. మేం ముగ్గురం నిలబడే ఉన్నాం. అక్క ఎప్పుడు లోపలికొచ్చిందో, బావ చొక్కా అంచు పట్టుకుని ఉంది. నాలుగింటికి ఇంకో అయిదు నిమిషాలున్నాయనగా సూపర్‌వైజరు మళ్ళీ లైన్లోకి వచ్చాడు.

"ముప్ఫై ఎనిమిది ఆగాయి. వాటిల్లో ఎక్కడా ఎవరికీ ఏం కాలేదు. మూడు చోట్ల ఫోను ఎత్తడం లేదు. మనుషుల్ని పరిగెత్తించాను." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఏమయ్యా, నీకిలా ఎన్నాళ్ళనించి?"

బావ నా వంక చూశాడు. తర్వాత అక్క వంక. ఇద్దరం తల దించుకున్నాం. ఆయన కళ్ళజోడు సర్దుకుని, తెర మీదికి వంగి, పాస్‌వర్డు మారిన పట్టీ మళ్ళీ తెరిచి, పైనుంచి ఒక్కో తేదీ చదివి చెప్పడం మొదలుపెట్టాడు.