వింగులోంచి అందిన మాట

మా తెలుగు మాస్టారు పోయారన్న కబురు నాకు రాజమండ్రిలో, ఆఫీసుకి వెళ్ళే సిటీబస్సులో ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది మాస్టారి భార్య. ఆవిణ్ణి మేమంతా అమ్మగారూ అనేవాళ్ళం. “తెల్లారగట్ల వెళ్ళిపోయారమ్మా” అన్నారు. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది గాని, ముందు నా బుర్ర ‘వెళ్ళిపోయారు’ అన్న మాట దగ్గరే చిక్కుకుంది. ఒక్క మాట కోసం మనుషులు ఎంత దూరం పోతారో ఆయన దగ్గరే చూశాను మరి. పోయినవాళ్ళ గురించి అందరూ వాళ్ళ మంచి రాస్తారు. ఆయన మంచి చెప్పాలంటే నేను ముందు నా అబద్ధం చెప్పుకోవాలి.

మా హైస్కూలు నుంచి సముద్రం ఒడ్డు తోటకి బస్సులో గంట ప్రయాణం. పూలమడులు, సరుగుడు చెట్లు, వాటి చివర పైకప్పు లేని నాటకశాల. మెట్లమెట్లుగా సిమెంటు వరసలు, ఎదురుగా వేదిక, వేదిక వెనక గోడ, గోడ వెనక సముద్రం. వేదికకి కుడిపక్క వింగులో చిన్న గది ఉండేది. పూర్వం ప్రాంప్టరు అందులో కూర్చుని, నటులు మర్చిపోయిన మాటలు అందించేవాడట. ఏటా చలికాలంలో మాస్టారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి తను రాసిన నాటకం వేయించేవారు.

తోటలో అడుగుపెట్టగానే జేబులోంచి సుద్దముక్క తీసి, ‘పువ్వులు కోయారాదు’ అన్న బోర్డు మీద అక్కర్లేని దీర్ఘం కొట్టేసేవారు. వాన దాన్ని కడిగేసేది. మరుసటేడు వచ్చి మళ్ళీ కొట్టేసేవారు. మా గొంతులు పీలగా వస్తే, “నాక్కాదే చెప్పేది! ఆఖరి వరసలో చెవిటాయన కూచున్నాడు, ఆయనకి చెప్పు” అనేవారు. తలెత్తి చూస్తే అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ ఖాళీ వరసలన్నీ మా వైపే చూస్తున్నట్టుండేది. గోడకి కెరటం కొట్టినప్పుడల్లా, మేం నోరు విప్పకముందే ఎవరో చప్పట్లు కొట్టినట్టు వినిపించేది. మేం ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకుని నిలబడేవాళ్ళం.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాకు కొడుకు వేషం ఇచ్చారు. కాటుకతో మీసం దిద్దుకుని, యుద్ధానికి బయల్దేరుతూ తల్లికి దణ్ణం పెట్టి “వెళ్తున్నానమ్మా” అనాలి. మన వైపు గడప దాటేవాళ్ళెవరైనా ‘వెళ్ళొస్తాను’ అంటారు గాని ‘వెళ్తున్నాను’ అనరు. అంటే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు. “అందుకేనే ఆ మాట పెట్టాను. తిరిగి రానని వాడికి తెలుసు. నా నాటకమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది” అని మాస్టారు పదిసార్లు చెప్పారు. పదకొండోసారి నేను “వెళ్ళొస్తానమ్మా” అనేశాను.

నోటి అలవాటు, అంతే. “ఎవరు మార్చమన్నారే?” అంటూ మాస్టారు కింది వరసలోంచి లేచారు. కోపమొస్తే ఆయన చెవులు ఎర్రబడేవి. దెబ్బ తప్పించుకోవడానికి వింగు వైపు చెయ్యి చూపించి, “లోపల్నుంచి అలాగే అందించారండి” అన్నాను.

ఆ గదికి తాళం వేసుందని నేను చూసుకోలేదు. మాస్టారి మొహంలో రక్తం లేదు. నెమ్మదిగా వేదికెక్కి, ఆ తలుపుకి చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. పిల్లలెవరూ నవ్వలేదు. “ఎలాంటి గొంతమ్మా?” అని అడిగారు. అంతదాకా వచ్చాక వెనక్కి తగ్గే ధైర్యం నాకెక్కడిది? “మగ గొంతండి. మెల్లిగా అన్నారండి” అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నారు. “అలాగే అనమ్మా. వాడు అందించినట్టే అను” అన్నారు.

‘వాడు’ ఎవరో అమ్మగారు తర్వాత చెప్పారు. మాస్టారి తమ్ముడు. మేం పుట్టకముందు అన్నగారి నాటకాలకి ఆయనే ప్రాంప్టరు. అశుభం పలకలేక, ఈ నాటకంలో నటులకి ఎప్పుడూ ‘వెళ్ళొస్తానమ్మా’ అనే అందించేవాడట. ఒకనాడు ఆ వేదిక మీదే అన్నగారు నలుగురిలో కేకలేశారు. “రాసింది రాసినట్టు అందించడం చేతకాకపోతే నువ్వెందుకురా ఇక్కడ?” తమ్ముడు పుస్తకం కింద పెట్టి, “సరే అన్నయ్యా, వెళ్తున్నాను” అని తోట వెనక గేటులోంచి ఇసకలోకి నడిచిపోయాడు. సామర్లకోటలో రైలెక్కుతుంటే చూశామన్నవాళ్ళున్నారు. నీళ్ళలోకి దిగుతుంటే చూశామన్నవాళ్ళూ ఉన్నారు. మనిషి మాత్రం రాలేదు. ఆ గదికి తాళం వేయించింది మాస్టారే.

“ఆదివారం పూట ఫ్లాస్కూ రెండు గ్లాసులూ పట్టుకుని తోటకి వెళ్తున్నారమ్మా. నువ్వు విన్నాక మనిషిలో మళ్ళీ ప్రాణం వచ్చింది” అన్నారు అమ్మగారు. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో! ఎలా చెప్పను? రెండో గ్లాసు పెట్టించింది నేను.

ఆయన మాత్రం నాకు మాటలు అందిస్తూనే ఉన్నారు. చదువయ్యాక ఉద్యోగం ఇంటర్వ్యూలో నోరు పెగలక తిరిగొచ్చి ఏడుస్తుంటే, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. “మాట మర్చిపోవడం తప్పు కాదమ్మా. మర్చిపోయినవాణ్ణి స్టేజీ మీద ఒంటరిగా వదిలెయ్యడం తప్పు” అన్నారు. వారం రోజులు సాయంత్రాలు ఆయనే అధికారిగా ప్రశ్నలడిగారు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ వారం పెట్టిందే. అంత చేసిన మనిషి దగ్గర ఆ అబద్ధం పద్నాలుగేళ్ళు దాచుకున్నాను.

మొన్న వేసవిలో ఆయన మంచం పట్టారని తెలిసి వెళ్ళాను. అమ్మగారు వంటింట్లో ఉండగా చెప్పేశాను. “ఆ రోజు నాకెవరూ అందించలేదండి. భయపడి అబద్ధమాడానండి.”

“తెలుసమ్మా” అన్నారు. “ముప్ఫయ్యేళ్ళు పిల్లల మొహాలు చూసినవాణ్ణి. నాకా చెప్తావు?”

“మరి అన్నేళ్ళు ఎందుకు వెళ్ళారండీ?”

“నీది అబద్ధమే. కానీ ఆ తర్వాతి ఆదివారం నేనొక్కణ్ణే వెళ్ళాను కదా. అప్పుడు నాకు వినబడింది.”

“ఏమని వినబడిందండీ?” అని అడిగాను. ఆయన నవ్వి, మంచినీళ్ళిమ్మన్నారు. నా గుండెల మీది బరువు దించడానికి అలా అన్నారో, నిజంగానే విన్నారో ఇప్పటికీ నాకు తెలియదు. రెండిట్లో ఏదైనా, నన్ను ఒంటరిగా వదలలేదు. అందుకు ఆయనకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మగారు నాటకం రాతప్రతి నా చేతిలో పెట్టారు. అది పట్టుకుని మధ్యాహ్నం తోటకి వెళ్ళాను. పూలమడులు సగం సముద్రంలో కలిసిపోయాయి. వేదిక వెనక గోడ ఒరిగిపోయి ఉంది. మనిషన్నవాడు లేడు. వేదికెక్కి చివరి పేజీ తీశాను. ‘వెళ్తున్నానమ్మా’ కొట్టేసి ‘వెళ్ళొస్తానమ్మా’ అని రాసుంది. దాన్నీ కొట్టేసి మళ్ళీ పాత మాట, దాని మీద మళ్ళీ కొట్టివేత. కాగితం చిరిగేదాకా దిద్దారు. చివరికి ఏది ఉంచారో తెలియలేదు.

ఏది చదవాలో తోచక నోరు తెరిచి నిలబడ్డాను. అప్పుడు కుడిపక్క నుంచి, తుప్పుపట్టిన తాళం అలాగే వేలాడుతున్న ఆ గదిలోంచి, రెండు మగ గొంతులు వినిపించాయి. తగ్గు స్వరంలో వాదించుకుంటున్నాయి. ఒకటి ఏదో మాట అంటే రెండోది కాదంటోంది. సరుగుడు చెట్ల గాలే అనుకుందామని చూస్తే, ఒక్క కొమ్మ కూడా కదలడం లేదు. భయమేసింది. అయినా దిగి రాలేదు. వాళ్ళిద్దరూ ఏ మాటో తేల్చుకుని నాకు అందిస్తారని, పుస్తకం మూసి అక్కడే నిలబడ్డాను.