కలెక్టరు మేకా, నా నీలం ట్యాగూ

ఆ రోజుల్లో నా మెడలో గొలుసు ఉందో లేదో నాకే గుర్తుండేది కాదు కానీ, కంపెనీ ట్యాగ్ లేకపోతే మాత్రం ఒంటిమీద ఏదో తక్కువైనట్టు ఉండేది. మాదాపూర్ హాస్టళ్లలో ఉంటూ కొత్తగా ఉద్యోగాలు చేస్తున్న మా అందరి సంగతీ అంతే. బండి దగ్గర ఇడ్లీ తింటున్నా ట్యాగే, చెప్పుల షాపులో బేరమాడుతున్నా ట్యాగే, ఆదివారం గుడికి పోయినా ట్యాగే. ఇదంతా గొప్ప కోసం అనుకునేరు. (కొంత గొప్ప కూడా ఉంది, ఎందుకు దాచడం.) అసలు కారణం భయం. తీసి ఎక్కడైనా పెడితే మర్చిపోతాం. మర్చిపోయి ఆఫీసుకు వెళ్తే గేటు దగ్గర సెక్యూరిటీ అన్న అందరూ చూస్తుండగా పక్కన నిలబెడతాడు, ఒక తాత్కాలిక కార్డు చేతిలో పెడతాడు, ఆ ముచ్చట మేనేజరుకు మెయిల్‌లో వెళ్లిపోతుంది. ఆ బాధ పడలేక అసలు తీసేవాళ్లమే కాదు. మా రూమ్మేట్ అయితే దానితోనే నిద్రపోయేది. పొద్దున లేచేసరికి ఆమె చెంప మీద కార్డు అంచు గీత పడి ఉండేది.

ఆ రూమ్మేట్‌ను హాస్టల్లో అందరూ సిద్దిపేట అనేవారు, నన్ను ప్రొద్దుటూరు అనేవారు. ఊరి పేరుతో పిలుచుకోవడం అక్కడి అలవాటు. నేను టెస్టింగులో చేరాను. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి పట్టుకోవడం, పట్టుకున్నందుకు వాళ్ల మొహం చిట్లింపులు భరించడం, ఇదీ నా ఉద్యోగం. ఇంట్లో మా అమ్మ దీన్ని చుట్టాలకు వివరించలేక "పిల్ల కంప్యూటర్లు బాగు చేస్తుంది" అని చెప్పుకునేది. అప్పటినుంచి మా పెదనాన్న వాళ్ల ప్రింటరు చెడిపోయినప్పుడల్లా నాకు ఫోన్ వచ్చేది.

ఇక అసలు కథకు రావాలంటే కొంచెం వెనక్కి పోవాలి. మా చిన్నప్పుడు ఇంటికి ఒక పిల్లల మాసపత్రిక వచ్చేది. అందులో ఒక బొమ్మల సీరియల్. సుబ్బి అనే పిల్ల, ఆమె పెంచుకునే మేకపోతు కలిసి పాత కోట కింద సొరంగం కనిపెడతారు. మేక పేరు కలెక్టరు. ఎవరి మాటా వినడు, ఎవరి గుమ్మంలోకైనా దర్జాగా నడిచి వెళ్తాడు, అందుకని ఆ పేరు. నాకు సుబ్బి ఇష్టం. మా తమ్ముడికి కలెక్టరంటే ప్రాణం. ఒక నెల సొరంగం చివర ఇనుప తలుపు వచ్చింది. సుబ్బి వద్దు వద్దంటున్నా కలెక్టరు లోపలికి దూరాడు, వెనకాల తలుపు మూసుకుపోయింది, సుబ్బి రెండు చేతులతో తలుపు బాదుతోంది. కింద "తరువాయి వచ్చే నెల" అని వేశారు. ఆ వచ్చే నెల మరి రాలేదు. పత్రిక మూతపడింది.

తమ్ముడు అప్పుడు రెండో తరగతి. బడి నుంచి వస్తూ బస్టాండు దగ్గర పుస్తకాల బంకులో అడిగేవాడు. బంకాయన మొదట్లో రాలేదు నాయనా అని చెప్పేవాడు, తర్వాత్తర్వాత వీడు రోడ్డు దాటుతుండగానే అవతలి నుంచి చెయ్యి అడ్డంగా ఊపేవాడు. ఇంట్లో మటన్ వండితే వీడు పెరుగన్నం తినేవాడు. ఇనుప తలుపు కదా, గాలి ఆడదు కదా, ఆ మేక ఎప్పుడో పోయి ఉంటుందని నేను లెక్క చెప్పేదాన్ని. (తప్పులు వెతికే బుద్ధి నాకు అప్పటినుంచే ఉంది.) పోలేదని వాడు. కలెక్టరు బతికే ఉన్నాడా లేడా అనే ఈ గొడవ మా ఇంట్లో వాడికి మీసాలు వచ్చి ఇంజినీరింగులో చేరేదాకా నడిచింది. ఇద్దరిలో ఎవరికి కోపం వచ్చినా చివరికి మేక దగ్గరికే వచ్చి ఆగేవాళ్లం.

అలాంటిది ఒకరోజు ఆఫీసు క్యాంటీన్ గోడ మీద కాగితం కనిపించింది. దగ్గర్లోని ఎగ్జిబిషన్ హాల్లో కామిక్స్ పండగట. శనివారం మధ్యాహ్నం తెలుగు బొమ్మల కథల మీద చర్చ అని ఉంది, వేదిక మీద కూర్చునే వాళ్ల పేర్లలో మా సుబ్బిని గీసినాయన పేరుంది. ఆయన బతికి ఉన్నారన్న సంగతే నాకు తెలియదు. గోపన్‌పల్లిలో ఉంటారట, అంటే నేను రోజూ ఇడ్లీ తినే బండికి ఆటో దూరంలో. అక్కడికక్కడే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి సోమవారం పరీక్ష ఉంది, రాలేడు.

"అక్కా, ఫోటో వద్దు, సంతకం వద్దు," అన్నాడు చివరికి. "కలెక్టరు సంగతి ఒక్కటి తేల్చుకోని రా."

శనివారం మధ్యాహ్నం దాకా ఆఫీసు ఉంది. అటునుంచి అటే బయల్దేరాను, తోడుగా సిద్దిపేటను లాక్కెళ్లాను. ఆమెకు బొమ్మల కథలంటే ఏమీ పట్టదు, లోపల తినడానికి చాలా పెట్టారని చెబితే వచ్చింది. గేటు దగ్గర అంతా వేషాలే. అట్టముక్కలకు వెండిరంగు పూసుకుని కవచాలు తొడుక్కున్నవాళ్లు, వీపుకు రెక్కలు కట్టుకుని తలుపులో పట్టక పక్కకు తిరిగి నడుస్తున్నవాళ్లు. సిద్దిపేట ఒకతన్ని ఆపి "గీ ఎండల గిదేంది అన్నా, జర ముసుగన్న తీయి, పానం పోతది" అని మందలించింది. అతను ముసుగులోంచే థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. మా చేతులకు కాగితం పట్టీలు చుట్టి లోపలికి పంపారు. చర్చ జరిగే హాలు అప్పటికే నిండిపోయింది. సిద్దిపేట బజ్జీల వాసన పట్టుకుని అటు పోయింది, నేను తలుపు దగ్గర మునివేళ్ల మీద నిలబడి వేదిక మీదికి చూస్తున్నాను. తెల్ల చొక్కాలో ఒక పెద్దాయన, ముందు బొమ్మలు గీయడానికి స్టాండు మీద పెద్ద కాగితం, పక్కన ఖాళీ కుర్చీ. అంతా అయ్యాక చివర్లో ప్రశ్నలకు టైమిస్తారు కదా, ఈ గుంపులో నా చెయ్యి వాళ్లకు కనబడుతుందా అని నా బెంగ.

ఆ ఖాళీ కుర్చీ ఎవరిదో తర్వాత తెలిసింది. కొత్తగా పేరు తెచ్చుకుంటున్న ఒక చిత్రకారిణిది. ఆమె అప్పటికి ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఉంది. కానీ ఫోన్ చేసినవాళ్లకు "గేటు దగ్గరే ఉన్నా, వచ్చేశా" అని చెప్పింది. (ఆమెను అనడానికి లేదు. మన ఊళ్లో ఇంటి దగ్గర చెప్పులు వేసుకుంటున్నవాళ్లు కూడా గేటు దగ్గరే ఉంటారు.) ఆ మాట నమ్మి ఒక వాలంటీరు పిల్ల నీలం రిబ్బను కోసం గేటు నుంచి హాలు తలుపుదాకా వెతుకుతోంది. వేదిక అతిథులందరికీ ముందుగానే ఇచ్చినవి నీలం రిబ్బను ట్యాగులు. మా కంపెనీ రిబ్బనూ నీలమే. కార్డు చూస్తే తెలిసిపోయేది, కానీ ట్యాగ్ పెట్టుకునే వాళ్లందరికీ తెలిసిన సంగతే, అదెప్పుడూ తిరగబడే ఉంటుంది.

"మేడమ్, మీకోసమే అందరూ వెయిటింగ్, రండి" అంటూ ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఎందుకు అని అడగాలని నాకు తోచనే లేదు. ఆఫీసులో రోజుకు ఎన్నోసార్లు ఎవరో ఒకరు ఈ మాటే చెప్పి ఏదో ఒక గదిలోకి లాక్కెళ్తారు, వెళ్లి కూర్చున్నాక సంగతేంటో అర్థమవుతుంది. ఇక్కడా అంతే అనుకున్నాను. ముందు వరసలో సీటు ఇస్తున్నారు కాబోలు, మంచి పిల్ల అని మురిసిపోయాను. ముందు వరస దాటింది. మెట్లు వచ్చాయి. మెట్లెక్కాక గాని నాకు సంగతి అర్థం కాలేదు. అప్పటికి చప్పట్లు మొదలైపోయాయి, చేతిలో మైకు పెట్టారు, పక్క కుర్చీలో మా సుబ్బిని గీసిన తాత.

చర్చ నడిపేది గోదావరి జిల్లా ఆవిడ, మాటకో అండీ. రాబోయే తరానికి ఆశాకిరణం అని నన్ను పరిచయం చేసింది. కాదండీ అని నోరు తెరిచాను, కాదనడం మీ వినయమండీ అని ఆవిడ నవ్వేసింది. మీ బొమ్మల్లో ఆడపిల్లలు ఎప్పుడూ అంత కోపంగా ఉంటారేమిటండీ అని మొదటి ప్రశ్న. నాకు తెలిసిన ఆడపిల్లలంతా హాస్టల్లోనే. "పొద్దున్నే బాత్రూములో నీళ్లు ఆగిపోతే కోపం రాదా అండీ" అన్నాను. హాలంతా గొల్లుమంది. గీసేటప్పుడు మీ పద్ధతేమిటండీ అని రెండోది. పద్ధతంటే ఏముంది, ముందు తప్పులు ఎక్కడున్నాయో వెతుకుతాను, దొరికేదాకా నిద్రపట్టదు, దొరికాక ఇంకొకరికి నిద్ర లేకుండా చేస్తాను అని ఉన్నమాటే చెప్పాను. దానికి ఇంకా పెద్ద చప్పట్లు. అబద్ధం ఒక్కటీ ఆడకుండా నేను చిత్రకారిణిని అయిపోతున్నాను. ఆ గుంపులో బజ్జీ నోటిదాకా తెచ్చి ఆగిపోయిన సిద్దిపేట కనబడింది. ఏంది, నువ్వక్కడ ఏంజేస్తున్నవ్ అని కళ్లతోనే అడుగుతోంది.

అప్పుడు తలుపు దగ్గర చెమటలు కక్కుతూ, మెడలో నీలం రిబ్బనుతో, చంకలో బొమ్మల అట్టతో ఒకామె ప్రత్యక్షమైంది. వాలంటీరు పిల్ల ఆమెను చూసింది, నన్ను చూసింది, గబగబా కాగితం మీద ఏదో రాసింది. ఆ చీటీ చేతులు మారుతూ వేదిక వైపు బయల్దేరింది. అది గోదావరి ఆవిడ చేతికి చేరగానే నన్ను దించేస్తారు. పరువు పోతే పోయింది, అది ఎలాగూ పోయేదే. తమ్ముడికి ఏం చెప్పాలి? తాత పక్కనే కూర్చుని మరీ అడగలేదని చెప్పనా? ఆ చీటీ మొదటి వరసకు వచ్చేసరికి నేను మైకు తీసుకుని పెద్దాయన వైపు పూర్తిగా తిరిగిపోయాను.

"తాతా, కలెక్టరు బతికే ఉన్నాడా?"

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. ఏదో జిల్లా అధికారి సంగతి అనుకుని ఉంటారు. పెద్దాయనకు మాత్రం అర్థమైంది. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుని నన్ను చూశారు.

"ఇన్నేండ్లకు అడిగినవా బిడ్డా," అన్నారు. "ఎవ్వలు కలిసినా సుబ్బి ముచ్చటే అడుగుతరు. మేక సంగతి ఒక్కరన్న అడగలే. సచ్చిపోయిందనుకున్నవా?"

"నేననుకున్నాను తాతా. మా తమ్ముడు ఒప్పుకోలేదు."

"నీ తమ్మునికున్న తెలివి నీకు లేదు," అని ఆయన లేచారు. ఆఖరి పేజీ గీసుకుని పోయేసరికి పత్రికాఫీసుకు తాళం వేసి ఉందట. ఆ పేజీని ఇంటికి తెచ్చి పెట్టెలో పెడితే చెదలు తినేశాయట. ఇవన్నీ చెబుతూనే స్టాండు మీది కాగితం మీద బొగ్గుపెన్సిలుతో గీయడం మొదలుపెట్టారు. ఆ వేళ్లు అంత వయసులోనూ ఎక్కడా తడబడలేదు. ముందు ఇనుప తలుపు, సగం తెరిచి. సందులోంచి తొంగిచూస్తున్న సుబ్బి జడ. లోపల నిధి లేదు, అస్థిపంజరం లేదు. నేల నుంచి కప్పుదాకా రాజులకాలం నాటి పాత కాగితాల కట్టలు. వాటి మధ్య కుండంత పొట్టతో, కళ్లు అరమూసుకుని, ఒక ఫైలు నములుతూ కలెక్టరు. పక్క గోడకు ఒక కిటికీ కూడా ఉంది. గాలి ఆడుతోంది.

నాకు ఏడుపు వచ్చింది. ఎందుకు దాచడం, వేదిక మీదే చున్నీతో ముక్కు తుడుచుకున్నాను. సరిగ్గా అప్పుడే చీటీ గోదావరి ఆవిడకు చేరింది. ఆవిడ చదివి, మర్యాద ఏమాత్రం చెడకుండా, "మరి మీరెవరండీ?" అంది. నేను మెడలో ట్యాగ్‌ను ఇటు తిప్పాను. "టెస్టింగ్ అండీ" అన్నాను. హాలు పడీపడీ నవ్వింది, అందరికంటే గట్టిగా నవ్వింది తలుపు దగ్గర నిలబడ్డ అసలు చిత్రకారిణే. నేను మెట్ల వైపు నడవబోతే పెద్దాయన బొగ్గు అంటిన చేత్తో నా ముంజేయి పట్టి ఆపారు.

"యాడికి పోతవ్, కూసో. ఆ బిడ్డకు ఇంకో కుర్చీ ఎయ్యుండ్రి," అన్నారు. అని కాగితం వైపు తిరిగి, మేక మెడకు ఒక రిబ్బనూ దాని చివర తిరగబడ్డ కార్డూ గీశారు. "వీడు గూడ ఎవ్వల్ని అడగకుండనే లోపటికి వొయిండు. వీనికొక ట్యాగుండనీ."

బొమ్మ నాకే ఇచ్చారు. బయటికి వచ్చి తమ్ముడికి ఫోన్ చేసి బతికే ఉన్నాడురా అన్నాను. అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం వినబడింది. "నేను చెప్పలా అక్కా," అన్నాడు, ఇంజినీరింగు చదివే మనిషి, రెండో తరగతి గొంతుతో. ఆ సాయంత్రం సిద్దిపేట హాస్టలంతా తిరిగి నా గొప్పలు చెప్పింది. వారం రోజులు అందరూ నన్ను ప్రొద్దుటూరు అనడం మాని మేడమ్ అన్నారు.

ఇప్పుడు నల్లగండ్లలో మా హాల్లో ఆ బొమ్మ ఫ్రేములో ఉంది. ఎవరైనా నన్ను రండి మేడమ్ అంటే, ఎందుకు, ఎంతసేపు, ముందే మెయిల్ పెట్టారా అని అడిగే మనిషినయ్యాను. పేరు అచ్చువేసి పిలిచిన మీటింగుకు వెళ్లాలన్నా ఆలోచిస్తాను. ట్యాగు కూడా లేదు, ఇంటి నుంచే పని, ఎప్పుడైనా ఆఫీసుకు వెళ్లినా గేటు తెరవడానికి ఫోన్ చాలు. మొన్న మా పాప బొమ్మ చూసి, మేక మెడలో అదేంటని అడిగింది. ఆఫీసుకు వెళ్తుందమ్మా అన్నాను. మరి నీదేది అంది. అల్మరా అడుగున వెతికితే ఆ పాత నీలం రిబ్బను దొరికింది. ఎవరూ చూడకుండా ఒకసారి మెడలో వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. కార్డు ఎప్పటిలాగే తిరగబడి ఉంది. ఇటు తిప్పబోయి, ఎందుకో అలాగే ఉండనిచ్చాను.