ప్రిస్కిల్లా చుట్టిన ఉంగరాలు

ప్రిస్కిల్లా జుట్టు పుట్టినప్పటి నుంచీ ఒకటే తీరు. నైలాను వలతాడులాగ నున్నగా, తిన్నగా, ఎక్కడా ఒక్క వంపు లేకుండా కిందికి దిగిపోతుంది. రబ్బరుబ్యాండు పెడితే అది జారిపోతుంది. పూలు పెడితే పూలు జారిపోతాయి. జడ అల్లితే మధ్యాహ్నానికల్లా తనంతట తనే విడిపోతుంది. "అదృష్టవంతురాలివే, సిక్కు పడదు" అనేవాళ్లు అరసవల్లిలో ఆమె పుట్టింటి వీధి ఆడవాళ్లు. ప్రిస్కిల్లాకి ఆ అదృష్టం అక్కర్లేదు. ఆమెకి కావలసింది ఉంగరాలు. పాత ఫొటోల్లో ఆడవాళ్లకి నుదుటి పైన అలలాగ ఒక వంపు, చెంపల పక్కన చుట్టలు తిరిగిన ముంగురులు ఉంటాయే, అవి.

మేనత్త లీలారాణి కొడుకు జాన్‌ని చేసుకుని ఆమె కళింగపట్నం వచ్చింది. జాన్ చేపల బోట్ల ఇంజన్లు బాగుచేస్తాడు. మావగారు డేవిడ్‌రాజు ఆర్టీసీలో కండక్టరు పని చేసి రిటైరయ్యాడు. అత్త లీలారాణి మిషను బడిలో టీచరుగా చేసింది. ఉద్యోగం వదిలేసి చాలా ఏళ్లయినా టీచరుతనం ఆమెని వదల్లేదు. ఇంట్లో ఎవరికైనా బుద్ధి చెప్పాలంటే పుస్తకం భాషలో చెబుతుంది. కోపం గాని, నవ్వు గాని ముంచుకొస్తే మాత్రం ఆ భాష ఎటు పోతుందో తెలియదు, ఊరి మాట వచ్చేస్తుంది.

ప్రిస్కిల్లా వరండాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఓ మధ్యాహ్నం చేతిలో పని లేక ఫోను చూస్తుంటే ఎవరో దొరసాని కనిపించింది. తడి జుట్టు పాయలు పాయలుగా తీసి, ఒక్కో పాయని కొన నుంచి మొదలు దాకా దోమలచుట్టలాగ చుట్టి, తలకి ఆనించి, రెండు సైడుపిన్నులు అడ్డంగా గుచ్చుతోంది. తల ఆరాక పిన్నులు తీసి దువ్వితే, అమ్మమ్మల కాలం నాటి ఉంగరాలు! దొరసాని మాటలు ప్రిస్కిల్లాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు మాత్రం పూర్తిగా అర్థమయ్యాయి.

ఆ రోజే తన తల మీద ప్రయోగం చేసింది. ఇంట్లో అద్దం ముందు ఉన్నంతసేపూ ఉంగరాలు ఉంగరాల్లాగే ఉన్నాయి. జాన్‌కి చూపిద్దామని వీధిలోకి వచ్చింది. సముద్రం మీద నుంచి చెమ్మగాలి ఒక్కసారి ఒళ్లంతా తడిమింది. ఇసుక దిబ్బ దాటేలోపల తల మళ్లీ వలతాడు అయిపోయింది.

"ఏటి సూడమన్నావు?" అన్నాడు జాన్.

"ఉండీది. ఇప్పుడు లేదు" అంది ప్రిస్కిల్లా.

దానితో ఆమెకి పంతం వచ్చింది. అవిసె గింజలు ఉడకబెట్టి, గుడ్డలో వడగట్టి జిగురు తీసింది. అది రాస్తే ఉంగరం గాలికి నిలుస్తుందేమోనని ఆశ. అయితే తన తల నమ్మదగింది కాదు. వేరే తల కావాలి. ఇంట్లో ఉన్నవాటిలో మావగారిది బట్టతల. అత్త తల ముట్టుకునే ధైర్యం లేదు. ఇక మిగిలింది జాన్. పనుల ఒత్తిడిలో క్షవరం మానేసి చాలా రోజులైంది, మెడ దాకా పెరిగి ఉంది.

"కదలకు బావా, ఇదిగో, అయిపోతాది" అంటూ అన్నం తిని పడుకున్నవాడి తలకి జిగురు రాసి చుట్టలు చుట్టింది. అతనికి తల నిమిరినట్టు హాయిగా ఉండి గురకపెట్టాడు. ఇంతలో బోటు యజమాని భాస్కర్ ఫోను చేశాడు, ఇంజను స్టార్టవడం లేదని. నిద్రకళ్లతో లేచి బండెక్కి పోయాడు జాన్. ప్రిస్కిల్లా పెరట్లో బట్టలు తీసుకుని వచ్చేసరికి చాప ఖాళీగా ఉంది. "ఒలమ్మ!" అనుకుని వీధి చివరిదాకా పరుగెత్తింది గాని అందలేదు.

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లలో లక్ష్మణమ్మ మొదట చూసింది.

"ఒరే జానూ, తలకేటైందిరా? కుట్లేసారేటి?"

జాన్ తల తడుముకున్నాడు. చేతికి ఇనుము తగిలింది. పళ్లు కొరుకుతూ ఒక్కో పిన్నూ పీకి జేబులో వేసుకున్నాడు. పీకిన చోటల్లా ఒక ఉంగరం టింగుమని లేచింది. గాలి వీస్తోంది, ఉంగరాలు ఊగుతున్నాయి గాని విడిపోవడం లేదు. పాత సినిమాలో జమీందారుగారి కొడుకులాగ ఉన్నాడు. చేతిలో మాత్రం గ్రీజు పట్టిన స్పానరు. ఆ పోజులోనే పొద్దుగూకేదాకా ఇంజను విప్పాడు. ఒడ్డున ఆ రోజు చేపలు సరిగ్గా తిరగేసినవాళ్లు లేరు.

ఇంటికొచ్చి, "నన్ను ఊరంతా సూసి నవ్వీసారు" అని ఎగిరాడు.

"గాలికి నిలిసాయా?" అని అడిగింది ప్రిస్కిల్లా ఆత్రంగా. ఆమెకి అదొక్కటే కావాలి.

మర్నాడు లక్ష్మణమ్మ వచ్చి వరండాలో చతికిలబడింది. "పిల్లా, మీ ఆయనకి సేసినాది నాకూ సెయ్యి. మా సెల్లి కూతురు పెళ్లి ఉన్నాది."

అలా మొదలైంది. పెళ్లిళ్లకనీ, పుట్టినరోజులకనీ, ఊరికే ఫొటో దిగడానికనీ ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. వరండాలో ఒక పక్క జాకెట్లు, ఒక పక్క తలలు. లీలారాణికి ఇది నచ్చలేదు. ఆమె ముడి ఎప్పుడూ గట్టిగా, నున్నగా, ఒక్క వెంట్రుక పక్కకి పోకుండా ఉంటుంది.

"దేవుడు ఇచ్చిన జుట్టును ఇచ్చినట్లుగా ఉంచుకోవాలి. ఈ చుట్టలేమిటి, ఈ మేకులేమిటి?" అనేది పుస్తకం భాషలో.

ఆ ఏడాది లీలారాణి, డేవిడ్‌రాజుల పెళ్లికి యాభై ఏళ్లు నిండాయి. ఆదివారం ఆరాధన తర్వాత చర్చిలో కృతజ్ఞత ప్రార్థన, ఆపైన అందరికీ భోజనాలు అనుకున్నారు. డేవిడ్‌రాజు బీరువా అడుగు నుంచి పెళ్లి ఫొటో తీసి తుడిచి కోడలి చేతిలో పెట్టాడు. ప్రిస్కిల్లా చూసి నోరు తెరిచింది. ఫొటోలో పెళ్లికూతురికి ఎత్తుగా పఫ్ తీసి ఉంది. రెండు చెవుల ముందూ చెరొక ఉంగరం, స్ప్రింగులాగ వేలాడుతోంది.

"అత్తా, ఇది నువ్వేనా?"

"మిషను ఆసుపత్రి నర్సమ్మ చేసింది. నేను వద్దనే అన్నాను" అంది లీలారాణి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"వద్దనలేదు" అన్నాడు డేవిడ్‌రాజు. "అద్దం ముందు నుంచి లెగనేదని మా అత్తగారు సెప్పారు. నానైతే ఆ రెండు రింగుల్ని సూసి ప్రమాణం మాటలు మర్సిపోనాను. పాస్టరుగారు రెండోసారి సెప్పించారు. ఈ ఆదివారం కూడా అలగే రావాలి మరి."

"ఈ వయసులో? సిగ్గుండాలి" అని లీలారాణి లోపలికి పోయింది.

కాసేపటికి గదిలోంచి కోడల్ని పిలిచింది. ప్రిస్కిల్లా వెళ్లగానే తలుపు గడియ పెట్టింది. ముడి విప్పుకుని, మంచం అంచున కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది:

"ఆ దోమలచుట్టలు నా తలకి పడతాయేటి?"

ప్రిస్కిల్లా పెళ్లయి వచ్చాక అత్త విరబోసుకున్న తల చూడటం అదే మొదటిసారి. తెల్లగా, పల్చగా, బూరుగు దూదిలాగ ఉంది. ముట్టుకుంటే చేతికి ఏమీ తగలనట్టే ఉంది. ఆమెకి అత్త మీద ఎన్నడూ లేనంత ముద్దు పుట్టుకొచ్చింది. పైకి మాత్రం, "ఎందుకు పడవు, సూస్తాను ఉండు" అంది.

పడలేదు. అవిసె జిగురు రాసి చుట్టి, ఆరబెట్టి, పిన్ను తీస్తే ఆ మెత్తటి పాయ ఒక్క క్షణం ఉంగరంలాగ నిలబడి, అలిసిపోయి పడుకుంది. రెండోసారీ అంతే. శనివారం మధ్యాహ్నమైపోయింది. ప్రిస్కిల్లా చేతులెత్తేసేలా ఉంది.

"మా నర్సమ్మ పంచదార నీళ్లు రాసింది" అంది లీలారాణి.

"అత్తా, సీమలు ఎక్కవేటి?"

"అప్పుడు ఎక్కలేదు. ఇప్పుడు ఎందుకు ఎక్కుతాయి?" టీచరు గొంతు వచ్చేసింది. ఆ గొంతుతో వాదించిన పిల్లలు ఆ బడిలో ఎవరూ లేరు.

ప్రిస్కిల్లా పంచదార నీళ్లు కాచింది. పంచదార కొంచెం ఎక్కువ పడిందో, పొయ్యి మీద కొంచెం ఎక్కువ ఉంచిందో, దగ్గరదగ్గర పాకమే అయింది. చుట్టలు చుట్టి, పిన్నులు గుచ్చి, పైన గుడ్డ కట్టి అత్తని టేబుల్ ఫ్యాను ముందు కూర్చోబెట్టింది. ఆదివారం పొద్దున్న పిన్నులు తీస్తే రెండు ఉంగరాలూ కిందికి జారి, అక్కడ ఆగి, బిరుసుగా నిలబడ్డాయి. వేలితో కొడితే టక్కుమన్నాయి. లీలారాణి అద్దంలో తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. "సరే, బాగానే ఉంది" అంది. అని, మళ్లీ అటు తిప్పింది.

చర్చిలో ముందు వరసలో ఇద్దరికీ కుర్చీలు వేసి బంతిపూల దండలు కట్టారు. స్త్రీల సమాజం వాళ్లు లీలారాణిని చూసి గుసగుసలాడారు. ప్రార్థనలో కదిలిన పిల్లల్ని చెవి మెలిపెట్టి నిలబెట్టిన టీచరమ్మ, చెవుల ముందు రెండు ఉంగరాలతో కూర్చుంది! పాస్టరుగారు చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు.

ప్రిస్కిల్లా ఒక కన్ను తెరిచి తన చేతిపని ఎలా ఉందోనని చూసుకుంది. బంతిపూల దండ మీద నుంచి కుర్చీకీ, కుర్చీ మీద నుంచి అత్త భుజానికీ ఒక సన్నటి నల్ల గీత. భుజం మీద నుంచి ఎడమ ఉంగరం దాకా. గీత కదులుతోంది.

కుట్టే ఎర్రచీమలైతే లీలారాణి ఎలాగో ఓర్చుకునేది. ఇవి చిన్న నల్లచీమలు. కుట్టవు. చెవి దగ్గర, మెడ మీద, చెంప మీద కితకితలు పెడతాయి. జీవితమంతా "ప్రార్థనలో కదలరాదు" అని చెప్పిన మనిషి ఇప్పుడెలా కదులుతుంది? పెదవి కొరుక్కుంది. చీర కొంగు పిడికిట్లో నలిపింది. భుజాలు వణకసాగాయి. కళ్లలోంచి నీళ్లు కారాయి.

ఆ సమయానికే పాస్టరుగారు కళ్లు తెరిచారు. లీలారాణి టీచరమ్మ ఏడుస్తోంది! ఆయన హృదయం కరిగిపోయింది. ముగించబోతున్న ప్రార్థనని మళ్లీ ఆదాము అవ్వల దగ్గర నుంచి అందుకున్నారు. ప్రిస్కిల్లాకి లేచి వెళ్లడానికి లేదు, అరవడానికి లేదు. "ప్రభువా, నా పాకం తప్పు క్షమించు, ఆయనకి ఆమెన్ గుర్తుచెయ్యి" అని వేడుకుంది.

అప్పుడు డేవిడ్‌రాజు మెల్లగా చెయ్యి చాపాడు. భార్య చెంప మీద చీమని చిటికెన వేలితో తీశాడు. తర్వాత చెవి దగ్గరది. తర్వాత ఉంగరం కిందది. బస్సులో కిక్కిరిసిన జనం మధ్య నుంచి చిల్లర ఇచ్చిన చెయ్యి అది, ఎవరికీ తగలకుండా పని చేసుకుపోవడం దానికి తెలుసు. ఒక్కోదాన్నీ తీసి బంతిపూల మీద దింపాడు. ఒక్కొక్కరే కళ్లు తెరిచి చూశారు. ముసలాయన అందరి ముందూ భార్య చెంప నిమురుతున్నాడు! ఆడవాళ్ల వరసలో ముక్కులు ఎగబీల్చిన చప్పుడు. ఆమెన్ అనేసరికి సగం చర్చి కొంగులతో కళ్లు తుడుచుకుంటోంది.

భోజనాల దగ్గర, పిలుపు మీద చర్చికి వచ్చిన లక్ష్మణమ్మ ప్రిస్కిల్లాని పక్కకి లాగింది. "మా ఆయన ఒక్కనాడు నా సెంప ముట్టిన పాపాన పోనేదే. టీచరమ్మకి తలకేటి రాసావు, సెప్పు?"

ప్రిస్కిల్లా అత్త వైపు చూసింది.

"ప్రార్థన" అంది లీలారాణి గంభీరంగా, మెడ గోక్కుంటూ.

ఇంటికి రాగానే పెరట్లో పీట మీద కూర్చుంది. ప్రిస్కిల్లా చెంబుతో గోరువెచ్చటి నీళ్లు పోసింది. పాకం కరిగి, చీమలు నీళ్లలో తేలుతూ కాలవలోకి పోతుంటే లీలారాణి ఇంక ఆపుకోలేకపోయింది.

"ఓలమ్మో! ఆదాము దగ్గరికి ఎలిపోనాడే పాస్టరు! నోవహు ఓడ ఎక్కీసరికి నా పని అయిపోనాదనుకున్నాను. ఓడలోకి నా సీమలు కూడా జతలు జతలుగా ఎక్కీసాయేటోనే!"

కోడలు చెంబు వదిలేసి కూలబడి నవ్వింది. ఇద్దరూ తడిసిపోయారు. ఆ చప్పుడికి డేవిడ్‌రాజు పెరటి గుమ్మంలోకి వచ్చాడు. ప్రిస్కిల్లా కళ్లు తుడుచుకుంటూ అడిగింది:

"మావయ్యా, సీమలన్నీ తీసీసాక కూడా సెయ్యి తియ్యలేదేటి? నాను సూస్తన్నాను మరి."

"ఉన్నాయనుకున్నాను" అన్నాడు డేవిడ్‌రాజు. అని, తువ్వాలు భార్య ఒళ్లో పడేసి లోపలికి పోయాడు.

లీలారాణి ఆ తువ్వాలు చాలాసేపు మొహానికి అడ్డంగా పెట్టుకునే ఉంది.

తర్వాతి శనివారం వరండా నిండా ఆడవాళ్లు. లక్ష్మణమ్మ అందరికన్నా ముందే వచ్చి స్టూలు ఆక్రమించింది. ప్రిస్కిల్లా అవిసె జిగురు గిన్నె తెచ్చేలోపల ఒకరినొకరు తోసుకుంటూ గోల మొదలైంది. లోపల్నుంచి లీలారాణి వచ్చింది. ముడి మామూలుగానే గట్టిగా ఉంది. చేతిలో పిన్నుల డబ్బా ఉంది. ఒక్కసారి అందరి మీదా చూపు తిప్పింది. గోల ఆగిపోయింది.

"పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. వరసగా కూర్చోండి. తల కదిలిస్తే ఊరుకునేది లేదు" అంది.

లక్ష్మణమ్మ గొణుక్కుంటూ స్టూలు దిగి వెనక్కి పోయింది.