పెద్దమ్మ పెంచిన తెల్ల మిరప

పక్కింటి పెద్దమ్మ పోయి ఇరవై రోజులైంది. ఆమె పోయిన పొద్దున నేను బడికి పోవడానికి డబ్బాలో అన్నం పెట్టుకుంటుంటే ఆమె కోడలు తలుపు కొట్టింది. "అక్కా, అత్తమ్మ లేస్తలేదు. ఒకసారి రా" అన్నది. చేతులు కడుక్కోకుండానే పోయాను. పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఆ చేతిని నేను ముట్టుకోక ఏడు నెలలైంది. మా రెండు బాల్కనీల మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. అయినా ఏడు నెలలు మా మధ్య మాటల్లేవు.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఆమెలో మంచి చాలానే ఉంది, చెబుతాను. కానీ ఆమె నాకు చేసిన మోసం దాచిపెట్టి మంచి ఒక్కటే చెబితే, అది నేను మీకు చెప్పే అబద్ధం అవుతుంది.

మాది నిజామాబాద్‌లో రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. బాల్కనీలో ఇద్దరు నిలబడితే మూడో మనిషి గడపలోనే ఆగాలి. పదేండ్ల కింద మేము ఆ ఇంట్లో దిగిన రోజే పక్క బాల్కనీ గోడ మీదుగా ఒక చెయ్యి వచ్చింది. చేతిలో నాలుగు నల్లటి మిరపకాయలు.

"పప్పుల వెయ్యి బిడ్డా. రంగు సూసి భయపడకు. ఉడికితె పచ్చగైతది" అన్నది పెద్దమ్మ. నిజంగానే పచ్చగయ్యాయి. మర్నాడు నేనే గోడ దగ్గరికి పోయి ఆ చెట్టు చూపించమన్నాను.

పెద్దమ్మ నలభై ఏండ్లు బీడీలు చుట్టిన మనిషి. చూపు తగ్గాక చుట్టడం మానేసినా, కోడలికి తునికాకు కత్తిరించి ఇచ్చేది. అదే కత్తెరతో మిరప కొమ్మలు సరిచేసేది. బీడీకి కట్టే దారంతోనే ఒరిగిన కొమ్మను పుల్లకు కట్టేది. రంగు డబ్బాలు, నూనె డబ్బాలు, చెవులు ఊడిన బకెట్లు అన్నీ కలిపి ఇరవైకి పైగా ఉండేవి ఆ చిన్న బాల్కనీలో. అన్నిట్లోనూ మిరపే. ఆకాశం చూసే లవంగి మిరప, రేగుపండులా గుండ్రంగా ఉండేది, నల్లగా కాసి ఎర్రగా పండేది, మహారాష్ట్ర నుంచి సంతకు వచ్చిన ఎవరో మరాఠీ ఆమె ఇచ్చిన పసుపుపచ్చది. మామూలు మిరప ఎందుకు పెట్టవని ఒకసారి అడిగాను.

"బజార్ల దొరికేదానికి బాల్కనీల జాగెందుకు?" అన్నది.

నాకు అన్నీ ఆమే నేర్పింది. డబ్బా అడుగున ఎన్ని తూట్లు పొడవాలో చూపించింది. చెరుకురసం బండి దగ్గర పిప్పి తెచ్చి, ఎండబెట్టి, మట్టి మీద పరిస్తే మే నెల ఎండలో కూడా తడి నిలుస్తుందని చెప్పింది. మొదటి పూత గిల్లమంటే నాకు చెయ్యి రాలేదు. "లేత వయసుల కాన్పైతే నడుము నిలుస్తదా? ముందు దాన్ని చెట్టు కానియ్యి" అని తనే గిల్లేసింది. నేను ప్రేమకొద్దీ పొద్దున, సాయంత్రం నీళ్లు పోస్తుంటే చేతిలో చెంబు లాక్కున్నది. "కడుపునిండ తాపితె మిరప కారం మర్సిపోతది. జర దూప కానియ్యి." కొంచెం దాహం వెయ్యనివ్వాలన్న ఆ మాట, నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. నా సొంత మాటలాగే చెప్పాను.

ఆకు ముడుచుకుంటే ఆమెకు తెలిసిన మందు ఒక్కటే. బీడీల చాటలో మిగిలిన తంబాకు, అంటే పొగాకు పొడి నానబెట్టి, ఆ నీళ్లు చల్లేది. ఆమె చెట్లు వాటితోనే బతికాయి. నావీ బతికాయి.

ఇక మా అవ్వ, అంటే మా అమ్మ సంగతి. అవ్వది రెంజల్ దగ్గర పల్లె. ఆ ఇంటి పెరట్లో ఒక మిరప ఉండేది. కాయ పాలలా తెల్లగా పుట్టి, పండితే నారింజ రంగుకు తిరిగేది. తుంచితే పచ్చి మామిడికాయ వాసన వచ్చేది. అవ్వ పోయాక ఆమె పెట్టెలో, చీర ముక్కలో ముడివేసిన పన్నెండు గింజలు దొరికాయి. అప్పటికే ఆ ఇల్లూ లేదు, పెరడూ లేదు. వానలు మొదలవగానే పెద్దమ్మా నేనూ కూర్చుని పన్నెండూ నాటాం. ఒక్కటే మొలిచింది. ఆ మొలకను చూసి నేను ఏడుస్తుంటే, పెద్దమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "మీ అవ్వ వచ్చింది తియ్యి" అన్నది.

ఆ చెట్టు మొగ్గ వేసే వేళకు మా ఆయనకు నడుము ఆపరేషన్ పడింది. హైదరాబాద్‌లో రెండు నెలలు ఉండాల్సి వచ్చింది. ఇంటి తాళం పెద్దమ్మ చేతిలో పెట్టాను.

"మిగిలినవి ఎండిపోయినా ఏం కాదు పెద్దమ్మా. ఇదొక్కటి సూడు."

"నువ్వు ఆయనను సూసుకో. చెట్టును నేను సూసుకుంట" అన్నది.

ఆదివారం ఆదివారం ఫోన్ చేసేదాన్ని. "మంచిగున్నది బిడ్డా" అనేది. ఇంకో వారం, "పిందె వడ్డది" అన్నది. మా ఆయన మళ్లీ నడుస్తాడో లేదో డాక్టర్లు తేల్చి చెప్పని రోజులవి. దవాఖాన వరండాలో నిలబడి ఆ ఒక్క మాట విని, లోపలికి పోయి ఆయనకు చెప్పేదాన్ని. ఆయన నవ్వేవాడు. ఆ రెండు నెలల్లో మాకు అందిన మంచి కబురు అదొక్కటే.

దీపావళికి ముందు తిరిగి వచ్చాం. ఆయన కర్ర పట్టుకుని మెట్లెక్కాడు. నేను సంచులు కూడా దించకుండా బాల్కనీలోకి పోయాను. కుండీలో చెట్టు నా మోకాలెత్తు ఉంది, తెల్లటి కాయలు వేలాడుతున్నాయి. పక్కన కూర్చుని ఒక్కో కాయనూ ముట్టుకున్నాను. పెద్దమ్మ గోడ అవతల నిలబడి చూసింది. కాసేపటికి లోపలికి పోయింది. అలసిపోయిందనుకున్నాను.

అవ్వ సంవత్సరీకానికి ఆ కాయలతో తొక్కు నూరాను. బోధన్ నుంచి మా చిన్నమ్మ వచ్చింది, అవ్వ సొంత చెల్లెలు. పెద్దమ్మ కూడా మాతోనే విస్తరి ముందు కూర్చుంది. చిన్నమ్మ ఒక ముద్ద తిని ఆగింది.

"తొక్కు మంచిగనే ఉన్నది గని బిడ్డా, గిది అక్క మిరప కాదు. వాసన లేదు" అన్నది.

నేను ఏమైనా అనేలోపే పెద్దమ్మ అందుకుంది. "కుండీల మన్ను వేరు గద చెల్లె. వాసన జర మారుతది. నాకైతె వాళ్ల అవ్వ చేతి వాసన వస్తున్నది."

అంతే, నేను చిన్నమ్మ మీద లేచాను. "అవ్వను ఆఖరు రోజుల్లో చూసింది నేను. అవ్వ మిరప ఏదో నాకు తెలియదా?" అన్నాను. అందరి ముందు అన్నాను. చిన్నమ్మ తిని, చెయ్యి కడుక్కుని, మధ్యాహ్నం బస్సుకే పోయింది. ఆ తర్వాత నేను ఫోన్ చేస్తే పొడిపొడిగా రెండు మాటలే మాట్లాడేది. అవ్వ మిరప అని చెప్పి ఆ గింజలు బడిలో తోటి టీచర్లకు కూడా పంచాను.

నాకు అనుమానం రాలేదంటే అబద్ధం. ఆ వాసన నాకూ రాలేదు. కానీ నమ్మాలని ఉన్నప్పుడు ముక్కు కూడా మన మాటే వింటుంది.

ఉగాది ముందు మట్టి కోసం, అంతకుముందు పెద్దమ్మతో ఒకసారి పోయిన బోధన్ రోడ్డు నర్సరీకి పోయాను. అక్కడి మనిషి నన్ను గుర్తుపట్టి పలకరించాడు. "టీచరమ్మా, మీ పక్కింటి పెద్దమ్మ కొన్న తెల్ల మిరప ఎట్లున్నది? పాపం మస్తు తిరిగి వచ్చింది. పూత మీదున్నదే గావాలన్నది. చేతుల బీడీ దారం ముక్క ఉండె. దానికి ముడేసి తెచ్చింది. గా ముడి కాడికి ఎత్తు కొలిసి మరీ తీస్కపోయింది."

ఎప్పుడు కొన్నదని అడిగాను. మేము దవాఖానలో ఉన్న రోజులే.

మట్టి తీసుకోకుండానే ఇంటికి వచ్చాను. పెద్దమ్మ ఒళ్లో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది.

"పెద్దమ్మా, అవ్వ చెట్టు ఏమైంది?"

కత్తెర ఆగింది. ఏ చెట్టు అని ఆమె అడగలేదు.

"నువ్వు పోయిన పదిహేను దినాలకే ఆకుల మీద మచ్చలు లేసినయి. ముడత అనుకొని తంబాకు నీళ్లు కొట్టిన. ఇంక ఎక్కువైంది. మళ్ల కొట్టిన. ఆఖరికి ఆకు తీస్కొని రుద్రూర్ పోయిన. గాడ వ్యవసాయం సారు సూసి, గిది తంబాకుల నుంచి వచ్చే రోగం, కొన్ని మిరపలు తట్టుకుంటయి, కొన్ని తట్టుకోవు, తంబాకు చేతులతోని చెట్టును ముట్టద్దు అన్నడు. అప్పటికే అయిపోయింది. నా చేతులతోనే పోయింది బిడ్డా."

"ఫోన్‌ల ఎందుకు చెప్పలే?"

"నువ్వు గాడ ఏడ్సుకుంట ఉంటివి. గప్పుడు గిది ఎట్ల చెప్పాలె?"

"వచ్చినంక?"

"వచ్చినంక నువ్వు కుండీ కాడ కూసొని నవ్వినవు. ఇంక నాకు నోరు రాలే."

"మరి అవ్వ సంవత్సరీకం నాడు? అవ్వ చేతి వాసన వస్తున్నదని ఎందుకంటివి? నిన్ను ఎవలడిగిండ్రు పెద్దమ్మా?"

ఆమె చాటలోని ఆకులు ఒక పక్కకు సర్దుకుంటూ కూర్చుంది. నేను ఇంటికి పోయి, ఆ తెల్ల మిరప కుండీ ఎత్తి గోడ మీద ఆమె వైపు పెట్టాను. "ఇది నీది" అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన మాటల్లో దాదాపు అదే ఆఖరిది.

చెట్టు చచ్చినందుకు నేను ఆమెను తప్పు పట్టలేదు. నా చేతుల్లోనైనా చచ్చేదేమో. కానీ దారానికి ముడివేసి, ఎత్తు కొలిచి, అవ్వ స్థానంలో ఇంకోదాన్ని తెచ్చి పెట్టింది. దాని ముందు నేను నవ్వుతుంటే చూసింది. నా సొంత చిన్నమ్మ నిజం చెబితే, ఆమెను నా నోటితోనే అబద్ధాలకోరును చేయించింది. అది మింగుడుపడలేదు.

తర్వాత ఆమె నా కుండీలను ముట్టలేదు. ఎప్పుడైనా ఎండిన చెరుకుపిప్పి గోడ మీద పెట్టి లోపలికి పోయేది. నేను తీసుకునేదాన్ని కాదు. గాలికి అదే ఎగిరిపోయేది. వానకాలంలో ఒకరోజు గుమ్మం దగ్గరికి వచ్చింది. "రెంజల్ దిక్కు పోయొద్దామా బిడ్డా? గా గింజ ఎవలింట్లనన్న ఉంటదేమో."

"నాకు అక్కరలేదు" అని తలుపు వేశాను. నేను ఆమెతో అన్న చివరి మాట అది.

పదోనాడు వాళ్లింటికి బంధువులతో పాటు ఒక ముసలామె వచ్చింది. ఎవరూ ఎరగని మనిషి. రెంజల్ పక్క పల్లె నుంచి వచ్చానన్నది. పెద్దమ్మ ఇచ్చిపోయిన నంబరుకు ఫోన్ చేస్తే కోడలు ఎత్తి చావు కబురు చెప్పిందట. నన్ను ఎవరో చూపిస్తే దగ్గరికి వచ్చింది.

"గా మిరపల బిడ్డవు నువ్వేనా?"

"నేనే" అన్నాను.

"మా ఊరికి మూడుమాట్ల వచ్చింది. మోకాళ్లు పట్టుకుంట వాడవాడ తిరిగింది. ఏ గడపకాడ నిలవడ్డా ఒక్కటే ముచ్చట. 'పక్కింటి బిడ్డకు తల్లి ఇడిసిపోయిన మిరప నా చేతుల సచ్చింది. నేను వేరేది పెట్టి మోసం చేసిన. గసొంటి తెల్ల మిరప గింజ మీ ఇంట్ల ఉన్నదా?' నేను కూసొమ్మని నీళ్లిచ్చిన. అక్కా, గింజ అడిగితె సాలు గద, మోసం సంగతి ఊరంత ఎందుకు చెప్తున్నవు అన్న. చెప్పకుంట అడిగితె దొరకదేమో అన్నది."

"దొరికిందా?"

"ఏడ దొరుకుతది బిడ్డా. ఇప్పుడు అందరు ప్యాకెట్ గింజలేనాయె."

మూడుసార్లు పోయిందని కోడలికి కూడా తెలియదు. ఎటు పోయావని అడిగితే చుట్టాలింటికి అని చెప్పేదట.

నాకు జాలి కన్నా ముందు కోపమే వచ్చింది. మొహం తెలియని వాళ్ల గడపల్లో అడగకుండానే చెప్పుకున్న మనిషి, నా దగ్గర మాత్రం దొరికిపోయేదాకా చెప్పలేదు. పరాయి ఊరికి ఇచ్చిన నిజం నాకు ఎందుకు ఇవ్వలేకపోయిందో ఇప్పుడు అడగడానికి లేదు. ఆ తర్వాత నేను మూసిన తలుపు గుర్తొచ్చింది. కలిసి పోయొద్దామని ఆమె అడిగిన రోజు నేను వెంట పోయి ఉంటే, ఆ మొదటి గడప దగ్గర ఆ మాట నేనూ వినేదాన్ని.

ఆ సాయంత్రమే బోధన్‌కు ఫోన్ చేశాను. "చిన్నమ్మా, ఆనాడు నువ్వన్నదే నిజం. అది అవ్వ మిరప కాదు."

"నాకు తెల్వదా బిడ్డా" అన్నది చిన్నమ్మ. "నువ్వు గంత గట్టిగ అరిసినవంటె నీకు గూడ అనుమానమున్నదని అప్పుడే అనుకున్న." చాలా రోజుల తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. పెద్దమ్మ పోయిందని చెబితే, "మస్తు మంచిగ మాట్లాడేది" అన్నది.

పెద్దమ్మను నేను క్షమించానా అంటే, ఇంకా లేదు. చేతులు పట్టుకుని నేర్పిన మనిషి మీద కోపం, నేర్చుకున్నదాన్ని చెరపలేదు. రెండూ నాలోనే ఉన్నాయి.

కోడలికి బీడీల పనితో తీరిక లేదు. కుండీలు ఎవరికైనా ఇచ్చేస్తానంటే వద్దన్నాను. ఇప్పుడు పొద్దున్నే ముక్కాలిపీట వేసుకుని, గోడ మీదుగా వంగి ఆ డబ్బాలన్నిటికీ నేనే నీళ్లు పోస్తున్నాను. కొస డబ్బాకు చెయ్యి సరిగా అందదు. నిన్న అక్కడ చెంబు ఒరిగి, నీళ్లు రెండంతస్తుల కిందికి ధారగా పోయాయి. కింద దుకాణం షట్టర్ ఎత్తుతున్న కిరాణా అన్న, తల పైకెత్తకుండానే కుర్చీ ఒక పక్కకు జరుపుకున్నాడు.

"నీళ్లు వడుతున్నయి పెద్దమ్మా" అన్నాడు.

నేను ఆమెను కానని చెప్పలేదు. "ఆపుతున్న" అన్నాను. చెంబు వెనక్కి తీసుకుని, అంచు నుంచి జారే చుక్కలు ఒక్కొక్కటిగా ఆగిపోయేదాకా పీట మీదే నిలబడ్డాను.