యోన్కా నోట పలకని పేరు

యోన్కా నోటికీ ‘ర’ అక్షరానికీ పుట్టినప్పట్నుంచీ పొసగలేదు. అమ్మమ్మగారి ఊరి బడిలో ‘ర’ అనబోతే ‘ల’ వచ్చేది. పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వరూ మరి? ఆ రోజే ఆ అక్షరమున్న మాటలన్నిటినీ మూటగట్టి అవతల పారేసింది మహాతల్లి. ఒక మాట పోతే ఇంకో మాట వెతుక్కోవాలి, అర్థం మాత్రం వెంట్రుకవాసి కూడా జారకూడదు. అదీ పంతం.

పెద్దయ్యాక మా కొండ ఊరికొచ్చి పంచాయతీ ఆఫీసులో కొలువు సంపాదించింది. ఏం కొలువనుకున్నారు? మైకులో ప్రకటనలు చదవడం! మేయరు ‘రేపు నీరు రాదు’ అని చీటీ రాసిస్తాడు. యోన్కా దాన్ని ఒక్క చూపు చూసి మైకు అందుకుంటుంది. “వినండి! మళ్ళీ పొద్దు పొడిచాక కొళాయిల్లో నీళ్ళుండవు. బిందెలన్నీ ఇవాళే నింపుకోండి!”

“అబ్బ, ఏం భాషమ్మా! బల్గేరియా అంతా గాలించినా ఇలాంటి నోరుండదు” అనేవాళ్ళు మా ఊరివాళ్ళు. అసలు సంగతి ఒక్కడికి తెలిస్తే ఒట్టు!

చీజ్ చేసే రాదోయ్‌కీ తెలీదు. పెళ్ళాం పోయిన మనిషి. యోన్కా అంటే ప్రాణం. యోన్కాకీ అంతే, పైకి అనదుగానీ. ఒకనాడు వేడివేడి బనిత్సా రొట్టె పట్టుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

“పెళ్ళాడమని ఎన్నాళ్ళు అడగనే?”

“ఆలోచిస్తున్నాగా, పెద్దమనిషీ.”

“అదిగో, పెద్దమనిషట! మా కుక్కని పేరు పెట్టి పిలుస్తావు, గాడిదని పిలుస్తావు. నాకు మాత్రం పేరు లేదా?”

“పిలుపులో ఏముంది? నా మనసు నీకు తెలీదూ?”

“తెలీదు! ఆదివారం బస్సుకి మా అమ్మాయి దగ్గరికి బుర్గాస్ వెళ్ళిపోతున్నా. ఇక రాను. ఉండమనాలనుంటే నోరారా పేరు పెట్టి పిలువు. లేదా, నీ పొగరు నీ దగ్గరే పెట్టుకో.”

ఉన్నమాట చెబితే పోయేది కదా! కానీ ఊరిచేత శభాష్ అనిపించుకున్న నోరాయె. నాకు పలకదని ఒప్పుకోవడమా? చచ్చినా సరే అనుకుంది.

ఆదివారం పంచాయతీ ముందు బస్సాగింది. రాదోయ్ సంచీతో ఎక్కాడు. యోన్కా పరుగున వెళ్ళి మైకు పట్టుకుంది.

“వినండి! బస్సులో ఉన్న ఒకాయన కాస్త దిగాలి. తెల్ల మీసాలాయన!”

ఇద్దరు లేచారు.

“చీజ్ అమ్మే ఆయన!”

ఇంకొందరు లేచారు.

“మొండి మనిషి!”

బస్సు బస్సంతా లేచి నిలబడింది, డ్రైవరుతో సహా. రాదోయ్ ఒక్కడే మొహం కిటికీవైపు తిప్పుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆవిడ పిలిచేది తననేనని వాడికి తెలుసు. వాడికి కావలసింది పేరు.

ఏ మాటకైనా ఇంకో మాట దొరికింది యోన్కాకి. పేరుకి ఇంకో మాట ఎక్కణ్ణుంచి తెస్తుంది పాపం? డ్రైవరు విసుక్కుని బండి కదిలించాడు.

“లాదోయ్!”

ఎదురు కొండ ‘లాదోయ్’ అని తిరిగి అరిచింది. ఎవరో కిసుక్కున నవ్వారు. యోన్కా చెవులు భగ్గుమన్నాయి. ఇంక దాచేదేముంది?

“దిగు, లాదోయ్! నాకా అక్షలం లాదు! నవ్వేవాళ్ళు నవ్వుకోండి!”

సంచీ బస్సులోనే వదిలేసి దూకాడు రాదోయ్. పంచాయతీ ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు, నోట్లో నవ్వు.

“ఇంతేనటే పిచ్చిదానా? నేను పొగరనుకున్నా కదే!”

“పొగలూ ఉందిలే” అంది యోన్కా, ముక్కు తుడుచుకుంటూ.

మర్నాడు మైకులో ‘లేపు నీలు లాదు’ అని మూడు ముక్కల్లో తేల్చేసింది. ఊరు నవ్వుకుంటూనే బిందెలు నింపుకుంది. పెళ్ళి కూడా అయిపోయింది. ఓ సాయంత్రం కాఫీ కొట్టు దగ్గర కుర్రకారు ఆటపట్టించబోయారు.

“ఏం లాదోయ్ బాబాయ్, బావున్నావా?”

రాదోయ్ లేచి మీసం దువ్వాడు.

“ఆ పిలుపు మా ఆవిడ ఒక్కదానిదేరా. మీకు రాదోయ్!”