ఒకే కొలతలో అచ్చువేసిన పుర్రెలు

పత్తికొండ గ్రంథాలయంలో మధ్యాహ్నం పూట ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. పొద్దున టమోటా మార్కెట్టులో కాయలు ఏరే పని అయిపోగానే అక్కడికి పోయి కూర్చోవడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. పదో తరగతితో ఆగిన చదువు ఆ బెంచీ మీదే సాగింది. ఆ సంగతి చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు.

ఆ ఎండాకాలం నా చేతికి పుర్రెల పుస్తకం ఒకటి దొరికింది. కోతి, కొండముచ్చు, చింపాంజీ, మనిషి. పసితనంలో అన్నింటి తలలూ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. గుండ్రటి నుదురు, పెద్ద కళ్లగుంటలు, చిన్న దవడ. మెదడు ముందు పెరుగుతుంది, మూతి తర్వాత. ఒళ్లు పెద్దదయ్యే కొద్దీ మూతి ముందుకు సాగుతుంది. ఆకులు నమిలే జాతికి దవడ లోతుగా ఉంటుంది, గట్టి గింజలు కొరికే జాతికి మందంగా. పేజీలు తిప్పుతూ కునుకు తీస్తే కలలో ఆ ముఖాలు వెనక్కి పెరిగేవి. ముసలి మగకోతి మూతి ముడుచుకుని, కోరలు లోపలికి పోయి, చివరికి ఉయ్యాలలోని బిడ్డలా నావైపు చూసేది.

ఇవన్నీ మార్కెట్టులో చెబితే నవ్వేవారు. గంపలు మోసే ఒకాయన దవడ ముందుకు చాపి, అది ఏం తిని అట్లయిందో చెప్పమన్నాడు. రాగిసంగటి అన్నాను. "సంగటి మింగేదే గానీ నమిలేది యాడుండాదప్పా" అన్నాడు. 

అయినా ఊరవతల చేనులో యంత్రంతో రాళ్లు తీయిస్తుంటే ఒక పుర్రె బయటపడినప్పుడు, ఆ రైతు నాకే కబురు పెట్టాడు. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాను. నుదురు గుండ్రంగా ఉంది. కింది దవడ లేదు. నోరంతా గట్టిపడిన మట్టి. మనిషి బిడ్డదేనన్నాను. ఇంత చిన్నగా ఉందేమని రైతు సందేహపడితే, మన్నులో ఎముక కుంచించుకుపోతుందని చెప్పాను. ఆ మాట నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

పక్క చేనులో కాయలు కోస్తూ చూడ్డానికి వచ్చిన కూలీల్లో ఒకామె ఉన్నచోటే కూలబడింది. పదిహేడేళ్ల కిందట పదకొండు దినాల తన తొలిబిడ్డను ఆ చేని గట్టు కిందే పూడ్చి, నక్కలు తవ్వకుండా రాళ్లు పేర్చారట. ఇప్పుడు యంత్రం తోసిన మట్టి కింద ఆ కుప్ప ఎక్కడుందో కనిపించడం లేదు. రైతు పని ఆపించాడు. మరుసటి రోజు చర్చి సమాధుల తోటలో పెడదామని పెద్దలు అన్నారు. ఆమె పుర్రెను కొంగులో చుట్టుకుని ఇంటికి పోయింది.

నేను గ్రంథాలయానికి పోయి పసి పుర్రెల పేజీయే తీశాను. ప్రతి బొమ్మ కిందా అగ్గిపుల్లలాంటి చిన్న గీత. ఒక్కో గీత ఒక్కో పొడవు. ఆకారాలు పోల్చడానికి పుర్రెలన్నీ ఒకే కొలతలో అచ్చువేశారు. అసలు కొలత ఆ గీతల్లో ఉంది. వాటిని నేనెప్పుడూ చదవలేదు. అప్పుడే పుట్టిన మనిషి బిడ్డ తల కూడా కొబ్బరికాయంత ఉంటుంది. నా చేతుల్లోకి వచ్చింది చీనీకాయంత, బత్తాయంత.

నేను వాళ్లింటికి పోయేసరికి ఆమె వాకిట్లో కాళ్లు చాపుకుని, ఆ కాళ్ల మీద పుర్రెను పెట్టుకుని, పసిబిడ్డకు పోసినట్టు నీళ్లు పోస్తోంది. నేను సంగతి చెప్పేలోపే పుర్రె నోట్లోని మట్టి కరిగి జారింది. ఆమె వేలితో పళ్ల వరుస తడిమింది.

"నా బిడ్డకు పండ్లు యాడివప్పా" అంది.

కోతిపిల్లదని చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆమె కోప్పడలేదు. అయితే తన బిడ్డ పూడ్చిన చోటి నుంచి కదల్లేదు కదా అని రెండుసార్లు అడిగింది. నాకు తెలియదు. ఇద్దరం చేనికి పోయి, గట్టు వెంట చేతులతో మట్టి తీశాం. ఎండ మెత్తబడే వేళకు, తలాపున పెట్టిన కడప బండ ముక్క తగిలింది. దాని ముందు రాళ్లు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఆమె వాటి మీద అరచేయి ఆనించింది. ఆ మూల ముట్టుకోనని రైతు మాట ఇచ్చాడు.

తర్వాత ఆమె కొంగులోంచి పుర్రెను తీసి, ఎంత వయసుదని అడిగింది. పాలపళ్లు కాస్త అరిగాయి, సొంతంగా తినడం నేర్చిన పిల్లే అన్నాను.

"అయితే తినే పోయిండాది" అంది.

ఆ రాళ్ల పక్కనే చిన్న గుంత తీసింది. నేను రాళ్లు అందించాను.