పులుసు గిన్నెకి సీట్ బెల్ట్

వసుమతిని కొత్తవాళ్లెవరైనా కలవబోతుంటే, ఆవిడకి చేయి అందకుండా చూసుకోమని ముందే చెప్తాను. అందిందంటే మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది చిన్నప్పుడు విరిగింది కదూ, సరిగ్గా అతకలేదు" అంటుంది. నన్నూ అలాగే అంది. నిజమే, తొమ్మిదేళ్లప్పుడు మేడ మెట్ల మీంచి పడ్డాను. పెళ్లిచూపుల్లో మావాళ్లు దాచిపెట్టిన ఆ సంగతి మా ఆయన గోపాల్‌కి తెలిసింది ఆవిడ నోటి వెంటే.

వరంగల్ పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే పని నేర్చుకుని, పెళ్లయ్యాక 1977లో భర్త కొండల్ రావు వెంట షికాగో వచ్చింది. ఇక్కడి పరీక్షలు మళ్లీ రాసి, నగరం నడిబొడ్డున ఒక పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీలో చేరింది. షికాగో శివారు షామ్‌బర్గ్‌లో మాది వాళ్ల ఎదురు అపార్ట్‌మెంట్. ఊపిరి పీల్చండి, పట్టి ఉంచండి, వదలండి అనే మూడు ముక్కలూ ఆవిడకి ఏడు భాషల్లో వచ్చు. స్పానిష్‌లోనూ పోలిష్‌లోనూ అయితే గదమాయించడం కూడా వచ్చు. తెలుగులో మాత్రం అక్కడ ఎవరికీ చెప్పే అవసరం రాలేదని నవ్వేది.

కొండల్ రావు పంపుల కంపెనీలో ఇంజినీరు. మంచి మనిషే కానీ తుపాకీ అంటే హడలు. ఇంటి తలుపుకి మూడు తాళాలు. దొంగ ఎదురైతే ఇచ్చేయడానికి చొక్కా జేబులో ఇరవై డాలర్ల నోటు విడిగా ఉండేది. పార్కింగ్ లాట్‌లో వెనక్కి చూసుకుంటూ నడిచేవాడు. ఒకసారి అలాగే నడిచి సరుకుల కొట్టు గాజు తలుపుకి నుదురు బాదుకున్నాడు. రైలు స్టేషన్లో ఎవడి దగ్గర ఏముంటుందోనని భార్యని రోజూ తనే ముప్ఫై మైళ్లు డ్రైవ్ చేసి దింపేవాడు, సాయంత్రం మళ్లీ వెళ్లి తెచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా నలిగిపోతుందని సీట్ బెల్ట్ మాత్రం పెట్టుకునేవాడు కాదు. ఆయన్ని ఆడిపోసుకుంటున్నాను గానీ నేనేం తక్కువ తినలేదు. టీవీ వార్తల్లో కాల్పులు చూసినప్పుడల్లా లేచి మా తలుపు గడియ ఇంకోసారి చూసి వచ్చేదాన్ని.

ఒకరోజు వాళ్లింట్లో టీ తాగుతుంటే ఆ వార్తలే వచ్చాయి. కొండల్ రావు భార్య వైపు తిరిగి, "చూసినవా?" అన్నాడు.

"ఇవాళ నేను ముప్ఫై ఒక్క మందికి ఎక్స్‌రే తీసిన," అంది వసుమతి. "తుపాకీ దెబ్బ ఒక్కటే. కార్ యాక్సిడెంట్లయి వచ్చినోళ్లు పదకొండు మంది. బాత్‌టబ్‌లో జారినోళ్లు నలుగురు. వాళ్లల్ల ఒక్కరన్నా టీవీలో కనబడ్డరా?"

"ఆ ఒక్కని సంగతేంది మరి?"

"ఆ ఒక్కనికి పందొమ్మిదేండ్లు. నాకు ఏడుపాగలేదు. భయపడొద్దని నేనంటలేను. బాత్‌టబ్‌లో రబ్బరు చాప వెయ్యుమని ఏడాది నుంచి చెప్తున్న, అది వెయ్యరు. బెల్ట్ పెట్టుకోరు. దానికెందుకు భయం లేదు?"

"స్టీరింగ్ నా చేతిల ఉంటది. తుపాకీ ఎవని చేతిల ఉంటదో నాకెట్ల తెలుస్తది?"

వసుమతి ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. నిజం చెప్పొద్దూ, ఆయనే గెలిచాడని నేనూ అనుకున్నాను.

1985 మార్చిలో ఆసుపత్రివాళ్లు వసుమతిని ఎమర్జెన్సీ ఎక్స్‌రే విభాగానికి హెడ్‌గా ఉండమన్నారు. సోమవారంలోగా జవాబు చెప్పాలి. కొండల్ రావు ససేమిరా అన్నాడు, తుపాకీ దెబ్బలొచ్చే ఆ ఆసుపత్రే మానెయ్యమన్నాడు. పైగా మా వీధి చివర పళ్ల డాక్టర్ దగ్గర ఆవిడకో ఉద్యోగం కూడా మాట్లాడి వచ్చాడు. "పండ్లకి తీసినా ఎక్స్‌రేనే గద" అన్నాడట. ఆ సాయంత్రం బట్టలు ఉతుక్కునే గదిలో దుప్పటి మడత పెడుతూ వసుమతి నాతో అంది, "ఉషా, ఏడేండ్లు చేసిన. ఆ గది నాది. ఈయన కోసం వదులుకుంటే ఈయన మీద కోపం నాకు ఈ జన్మకి పోదు." నాకు కొండల్ రావు మీద ఒళ్లు మండిపోయింది.

ఆ శనివారం ఒక స్కూల్ హాల్లో ఉగాది భోజనాలు. గోపాల్ కుర్చీలు వేయడానికి ముందే వెళ్లాడు కాబట్టి నేను వాళ్ల కార్‌లో బయల్దేరాను. వసుమతి అరవై మందికి సరిపడా ముక్కల పులుసు చేసింది. కొండల్ రావు ఆ పెద్ద స్టీలు గిన్నెని ముందు సీట్లో కూర్చోబెట్టి, మూత మీద తువ్వాలు కట్టి, బెల్ట్ చుట్టూ తిప్పి బిగించి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు. పులుసు ఒలికితే కార్ కంపు కొడుతుందట. వెనక సీట్లో మా ఇద్దరికీ నడుముకి బెల్టులు వసుమతే పెట్టించింది.

"గిన్నెకి పెట్టినరు, మీరూ పెట్టుకోండి," అంది ఆయనతో.

"కొత్త లాల్చీ," అన్నాడు ఆయన.

తిన్నగా పోతే హాలు పది నిమిషాలు. కానీ దారిలో ఒక పెట్రోల్ బంకు ఉంది. అక్కడ ఎవడో తుపాకీ చూపించి డబ్బు ఎత్తుకుపోయాడని మొన్న టీవీలో చెప్పారు. పట్టపగలు, పదకొండింటికి, ఆ బంకుని తప్పించడానికి కొండల్ రావు వెనక సందులోకి తిప్పాడు. ఆ సందులో ఎండ పడదు, పాత మంచు ఇంకా గట్టిగానే ఉంది. మలుపులో కార్ జారింది. ఆయన స్టీరింగ్ ఎటు తిప్పినా కార్ తన దారిన తాను పోయి, టెలిఫోన్ స్తంభాన్ని గుద్దుకుంది.

మా ఇద్దరికీ ఏమీ కాలేదు. ఆయన ఛాతీ స్టీరింగ్‌కి తగిలింది, ముక్కు వెంట రక్తం. తేరుకుని ఆయన అన్న మొదటి మాట, "పులుసు ఒలికిందా?"

చుక్క ఒలకలేదు. గిన్నె బెల్ట్‌లో దర్జాగా కూర్చుని ఉంది.

పక్కింట్లోంచి హాలుకి ఫోన్ చేస్తే గోపాల్ వచ్చాడు. వసుమతి ఈలోగా భర్త పక్కటెముకల మీద వేళ్లతో మెల్లగా నొక్కి చూసి, ప్రాణానికి ఏం భయం లేదు, ఎక్స్‌రే తీయాలంది. దగ్గరి ఆసుపత్రికి పోదామంటే కొండల్ రావు తల అడ్డంగా ఊపాడు. "నీ దగ్గరికే పోదాం వసూ. వేరేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు." ఏ ఆసుపత్రి గుమ్మం అయితే భార్యని తొక్కనివ్వనన్నాడో, ఆయనకి ఇప్పుడు అదే కావాల్సి వచ్చింది. వసుమతి ఆయన్ని మా కార్ ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్ట్ పెట్టింది. నొప్పిగా ఉన్నా ఆయన నోరెత్తలేదు. గిన్నె నా ఒళ్లో.

ఎమర్జెన్సీ హాల్లో కొండల్ రావు బిక్కుబిక్కుమంటూ చుట్టూ చూశాడు. బాత్‌టబ్‌లో పడిన ఒక ముసలాయన, మంచం మీంచి దూకిన ఒక పిల్ల, మెడకి పట్టీలతో ముగ్గురు కార్లవాళ్లు. తుపాకీవాళ్ల కోసం ఆయన ఎంత వెతికినా కనబడలేదు.

ఆ రోజు వసుమతికి డ్యూటీ లేదు. అయినా డాక్టర్ని అడిగి, భర్తకి తనే తీస్తానంది. గద్వాల చీర మీద సీసపు ఆప్రాన్ తొడుక్కుని, గాజులు నా చేతికిచ్చి, నన్ను తనతో పాటు అద్దం వెనక నిలబెట్టుకుంది. ఆయన్ని ఎక్స్‌రే పలక ముందు నిలబెట్టి వచ్చి మీట దగ్గర చేయి పెట్టింది.

"ఊపిరి పీల్చండి," అంది తెలుగులో. "పట్టి ఉంచండి. కదలకండి. మాట్లాడకండి."

ఆయన బొమ్మలా నిలబడ్డాడు.

"హెడ్ ఉద్యోగానికి నేను నిన్ననే సరే అని చెప్పిన," అంది వసుమతి. మీట నొక్కింది. "ఇప్పుడు వదలండి."

నాకు నవ్వాపుకోవడం చాతకాలేదు. ఆయన ఊపిరి వదిలి అద్దం వైపు తిరిగాడు. "నిన్ననే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"భయమైంది," అంది ఆవిడ. ఆ మాటకి నా నవ్వు ఆగిపోయింది.

రెండు పక్కటెముకలు చిట్లాయి. వాటంతట అవే అతుక్కుంటాయట. ఆయనకి లాల్చీ తొడుగుతుండగానే బయట చక్రాల మంచం పరిగెత్తిన చప్పుడు. ఎవరో కుర్రాడు, తొడలో గుండు దిగింది. టెక్నీషియన్ ఒక్కడే ఉన్నాడని పిలిచారు. వసుమతి భర్త మొహం కేసి చూసింది.

"పో," అన్నాడు కొండల్ రావు. "నేను కూర్చుంట."

గంటన్నర కూర్చున్నాడు, ఛాతీ పట్టుకుని, ఆ తలుపు మీంచి చూపు తిప్పకుండా. ఆయన భయపడుతూనే ఉన్నాడు. ఇంటికి పోదామని గోపాల్ రెండుసార్లు అడిగినా కదల్లేదు. ఆ రోజే నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఈలోగా మేం పులుసుని కాఫీ కప్పుల్లో పోసి నర్సులకి పంచాం. ఒకావిడ మూడు కప్పులు తాగింది.

వసుమతి బయటికి వచ్చింది.

"పిలగాడు?" అన్నాడు ఆయన.

"బతుకుతడు."

కార్‌లో ఆయన తనంత తానే బెల్ట్ లాక్కుని, చిట్లిన వైపు గిన్నెకి కట్టిన తువ్వాలు మడిచి పెట్టుకున్నాడు. సగం దూరం వచ్చాక, "సోమవారం ఎన్ని గంటలకు పోవాలె?" అని అడిగాడు.

"ఆరున్నరకు. మీకు నయమయినా సరే, ఇంక రైల్లనే పోత."

మా వీధి మలుపులో ఆయన గోపాల్ భుజం తట్టి, "ఆ కొట్టు కాడ ఒక్క నిమిషం ఆపు" అన్నాడు.

"ఏం కావాలి, నేను తెస్తాను కదా," అన్నాడు గోపాల్.

"రబ్బరు చాప. బాత్‌టబ్‌లకు. నేనే చూసి కొంట."

వసుమతి దిగి వచ్చి, ఆయన బెల్ట్ విప్పి, చేయి అందించింది.